రెండు గడుల్లో ఒక్క మనిషి

అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో పగలంతా నాతో మాట్లాడేది ఫ్రిజ్ ఒక్కటే. అదీ ఉండుండి గుర్రుమని మళ్ళీ ఊరుకునేది. పొద్దున్నే అల్లుడు ఒక కారులో, అమ్మాయి ఇంకో కారులో, మనవరాలు పసుపుపచ్చ స్కూలు బస్సులో వెళ్ళిపోయేవాళ్ళు. గరాజ్ తలుపు దానంతటదే కిందికి దిగేది. ఆ చప్పుడు ఆగాక ఇంక ఆ ఇంట్లో నేనూ, కిటికీలోంచి కనబడే పైన్ చెట్లూ. వీధిలోకి చూస్తే మనిషన్నవాడు కనబడడు. కనబడినా కుక్కతో ఉంటాడు. చెయ్యి ఊపుతాడు. నేనూ ఊపుతాను. దాంతో ఆ రోజుకి నా పలకరింపులు అయిపోయేవి.

ఇది రెండువేల పదో సంవత్సరం ఆ ప్రాంతంలో మాట. మా ఆయన మనవరాలు పుట్టకముందే పోయాడు. ఇక్కడ మన ఊళ్ళో ఒక్కదాన్నే ఉంటున్నాననీ, కొన్నాళ్ళు మనుషుల మధ్య ఉంటే బాగుంటుందనీ అమ్మాయి టికెట్ పంపింది. మనుషుల మధ్యట. ఏం మనుషులో, ఏం మధ్యో.

నేను నోరున్న మనిషిని. కూరలబండివాడితో కాసేపు తగువు పెట్టుకోకపోతే ఆ పూట నాకు వంట మీద బుద్ధి నిలవదు. అలాంటిదాన్ని తీసుకెళ్ళి ఆ నిశ్శబ్దంలో కూర్చోబెట్టేసరికి, మాట్లాడటం మర్చిపోతానేమోనని నిజంగానే భయం వేసింది. కుక్కర్‌తో మాట్లాడటం మొదలుపెట్టాను. "ఊఁ, ఇంకెంతసేపే, కానీ" అనేదాన్ని. ఒకరోజు అల్లుడు ఏదో మర్చిపోయి వెనక్కొచ్చి విన్నాడు. పాపం, మర్నాటికల్లా టీవీకి తెలుగు చానళ్ళు పెట్టించాడు. తెలుగు చానళ్ళు మాత్రం నాతో మాట్లాడతాయా? వాళ్ళలో వాళ్ళు అరుచుకుంటారు, నేను చూస్తూ కూర్చోవాలి.

ఆకులు రాలే రోజుల్లో మనవరాలు స్కూలు నుంచి ఒక పని తెచ్చుకుంది. అప్పుడది అయిదో క్లాసు. ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి వాళ్ళ చిన్ననాటి సంగతులూ, వాళ్ళ ఊరి సంగతులూ అడిగి తెలుసుకోవాలట. వంశవృక్షం గియ్యాలట. ఆఖర్న క్లాసులో అందరి ముందూ నిలబడి చెప్పాలట. ఆ రోజు తాతలూ అమ్మమ్మలూ కూడా రావచ్చట.

"అమ్మమ్మా, నువ్వు మాట్లాడు. నేను రికార్డ్ చేస్తా," అని వాళ్ళమ్మ పాత ఫోను నా ముందు పెట్టింది.

"ఏం మాట్లాడమంటావే?"

"ఎనీథింగ్. నీ లైఫ్."

నా లైఫ్ గురించి ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. ముందు నవ్వొచ్చింది. మంచినీళ్ళు తాగొస్తానని లేచి వెళ్ళాను.

నా లైఫ్ అంటే మా మావయ్యే. మా అమ్మకి సొంత తమ్ముడు. నేను పాకే వయసులోనే మా నాన్న పోతే, అమ్మ నన్ను చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. గోదావరి కాలవ మీద లాకుల దగ్గర ఆ ఇల్లు. లాకుల దగ్గర గుమస్తా పని మా తాతది, ఆయన తర్వాత మావయ్యకి వచ్చింది. నన్ను ఎత్తుకుని తిప్పిందీ మావయ్యే, నాకు ఈడొచ్చాక నా మెళ్ళో పుస్తె కట్టిందీ మావయ్యే. మా వైపు అది ఎంత మామూలంటే, పెళ్ళికాని మేనమామ ఇంట్లో ఉండగా బయటి సంబంధం వెతికితే, పిల్లలో ఏం లోపముందని అడిగేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అందరిలాగా "ఏమండీ" అని పిలిచి చూశాను. ఎవరొచ్చారా అని గుమ్మం వైపు చూశాడు. మళ్ళీ ఆ జోలికి పోలేదు. పోయేదాకా ఆయన నాకు మావయ్యే.

"మావయ్య లాకుల దగ్గర పనిచేసేవాడు," అని మొదలుపెట్టాను.

"ఓ, లాక్స్ రిపేర్ చేస్తాడా? కీస్ పోతే?"

"తాళాలు కాదే తల్లీ, లాకులు. కాలవ మీద ఉంటాయి."

"కాలవకి లాక్ ఎందుకు? వాటర్ ఎవరు దొంగతనం చేస్తారు?"

కడుపు పట్టుకుని నవ్వాను. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అంతలా నవ్వడం అదే మొదలు. కాలవ పల్లానికి దిగేచోట పడవ మెట్లు దిగలేదు కదా, అందుకని పైన రెండు తలుపులు, కింద రెండు తలుపులు పెట్టి మధ్యలో నీళ్ళు నిలబెడతారని చెప్పాను. పడవ లోపలికొచ్చాక పై తలుపులు మూసి, నీళ్ళు కిందికి వదులుతారు. నీళ్ళతో పాటు పడవా దిగుతుంది. అప్పుడు కింది తలుపులు తీస్తారు. అది బుర్ర గోక్కుంటుంటే బాత్రూంలోకి తీసుకెళ్ళి, టబ్ నింపి, గిన్నె తేలేసి చూపించాను. సాయంత్రం అమ్మాయి వచ్చి ఆ తడి అంతా చూసి మా ఇద్దర్నీ కలిపి చీవాట్లు పెట్టింది. మనవరాలు నన్ను మోచేత్తో పొడిచి కిసుక్కుమంది. తిట్లు తింటూ అంత సంతోషంగా ఉండొచ్చని నాకు తెలీదు.

అప్పట్నుంచి బస్సు వచ్చే వేళకి ముందే వీధి మలుపులో నిలబడేదాన్ని. అది బ్యాగు నా చేతికిచ్చి, దారిలోనే "మావయ్య స్టోరీ" అనేది. భుజాన తాడేసుకుని కాలవగట్టు మీద నడుస్తూ పడవల్ని లాగే మనుషుల గురించి చెప్పాను. ఎండిన ఆనపకాయ బుర్రలు నా వీపుకి కట్టి, మావయ్య నన్ను కాలవలోకి తోసేసి ఈత నేర్పించిన సంగతి చెప్పాను. వేసవిలో కాలవ కట్టేస్తే అడుగున బురదలో ఊళ్ళో ఆడవాళ్ళు జారవిడుచుకున్న చెంబులూ బిందెలూ బయటపడేవని, మావయ్య వాటిని తోమించి అరుగు మీద వరసగా పెట్టించి, ఎవరివి వాళ్ళని పట్టుకుపొమ్మనేవాడని చెప్పాను. ఒకే చెంబు నాదంటే నాదని ఇద్దరు జుట్లు పట్టుకుంటే, ఆ చెంబుతో మజ్జిగ ఇద్దరికీ పోసి, తాగి చల్లబడ్డాక రమ్మన్నాడట.

దానికి అన్నిటికన్నా నచ్చింది పెళ్ళివారి పడవ. పెంకుల పడవలు లాకు ముందు బారుతీరి ఉన్నాయి. వెనక పెళ్ళివారి పడవ చిక్కుకుపోయింది. ముహూర్తం దగ్గర పడుతోందని పెళ్ళికూతురి తండ్రి గట్టు మీద కూలబడ్డాడు. మావయ్య పెళ్ళిపడవని ముందుకి రమ్మన్నాడు. పెంకుల పడవలవాళ్ళు ఊరుకుంటారా, కర్రలు తీశారు. మావయ్య తలుపు మీదికెక్కి నిలబడి, "ఇవాళ దారిచ్చినవాడికి రేపు పెళ్ళిభోజనం ఇక్కడికే వస్తుంది, పూచీ నాది" అన్నాడు. తలుపులు తిప్పే లస్కర్లతో పాటు ఆ కర్రలు తీసినవాళ్ళే వచ్చి చెయ్యేశారు. మర్నాడు నిజంగానే బుట్టల్లో బూరెలూ పులిహోరా పడవ మీద వచ్చాయి. ఆ పులిహోర నేనూ తిన్నాను.

"మావయ్య ఈజ్ ద బెస్ట్," అనేది మనవరాలు. ఆ మాటకోసం ఇంకో కథ వెతుక్కునేదాన్ని.

నాకు అప్పుడు ఉన్నది ఒకటే కోరిక. ఈ పిల్ల ఆయన్ని ఎరగాలి. ఎరిగినవాళ్ళందరూ ఒక్కొక్కళ్ళే పోతున్నారు. లాకులు పాడుపడ్డాయి, పడవలు పోయాయి, మా అమ్మాయికి బుద్ధి తెలిసేసరికే ఆయన ఆఫీసులో కుర్చీలో కూర్చునే మనిషి అయిపోయాడు. తలుపు మీదికెక్కి నిలబడ్డ మావయ్యని చూసినదాన్ని నేను ఒక్కదాన్నే మిగిలాను. నేనూ పోతే ఆయన ఇంక ఎక్కడా ఉండడు. అందుకే అంత గబగబా చెప్పాను.

హాల్లో గోడకి ఆయన ఫోటో ఉండేది. రిటైరైనప్పుడు తీసింది, కళ్ళద్దాలూ, బట్టతలా, గంధపుచెక్కల దండా. మనవరాలు స్కూలుకి వెళ్తూ దానికి "బై తాతయ్యా" అని చెప్పేది. ఫోటోలో ఉన్నది తాతయ్య, కథల్లో ఉన్నది మావయ్య. ఇద్దరూ ఒక్కరేనని దానికి విడిగా చెప్పాలని నాకు తట్టనే లేదు. నా నోట్లో ఆ మాటకి అర్థం ఒక్కటే, నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి.

ఒక శనివారం అది డైనింగ్ టేబుల్ మీద పెద్ద అట్ట పరిచి వంశవృక్షం గీస్తోంది. స్కూల్లో ఇచ్చిన నమూనాలో కింద దాని పేరు, పైన అమ్మానాన్నలు, ఆ పైన ఒక్కొక్కరికి ఇద్దరేసి. గీతలు పైకి పోయేకొద్దీ విడిపోతుంటాయి.

"అమ్మమ్మా, తాతయ్య పేరెంట్స్ ఎవరు?" అంది.

కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను. నా పక్కన తాతయ్య గడి, దానిపైన రెండు ఖాళీ గడులు. ఇటువైపు మా అమ్మ గడి పక్కన నమూనాలో లేని గడి ఒకటి అదనంగా గీసి, నీలం రంగు వేసి, చుట్టూ పడవల బొమ్మలేసి, లోపల ఇంగ్లీషు అక్షరాల్లో "మావయ్య" అని రాసింది.

అప్పటికి వెలిగింది నాకు. ఇన్నాళ్ళూ ఈ పిల్ల ఆయన్ని ఇద్దరు మనుషుల్ని చేసి కూర్చోబెట్టింది. నవ్వాపుకోలేక "ఓసి పిచ్చితల్లీ" అని నోరు తెరిచేలోపల, అమ్మాయి "అమ్మా, ఒక్కసారి ఇలా రా" అని బట్టలుతికే గదిలోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది.

"దానికి చెప్పకమ్మా," అంది.

"ఏం చెప్పకూడదే?"

"నాన్న నీకు మేనమామ అని. ఇక్కడ వేరేగా తీసుకుంటారు."

"వేరేగా అంటే?"

డ్రయర్‌లోంచి బట్టలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. "నేను ఎమ్మెస్ చేసేటప్పుడు లంచ్ దగ్గర మామూలుగా చెప్పానమ్మా. మనకి మామూలే కదా అని. ఒకమ్మాయి తినడం ఆపేసి నాకేసి చూసింది. నాకేమైనా జబ్బుందా అన్నట్టు చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత ఎవ్వరికీ చెప్పలేదు. దీన్ని క్లాసులో ఏడిపిస్తారు. టీచర్ స్కూలు కౌన్సిలర్‌ని పిలిచి ఇంటి సంగతులు ఆరా తీయించినా తీయిస్తుంది. ప్లీజ్ అమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేనేమన్నా లేచిపోయానటే? ఊరంతటికీ భోజనాలు పెట్టి చేశారు నా పెళ్ళి. ఆ పెళ్ళికి పుట్టినదానివే నువ్వు."

"నాకు తెలుసు. నేనేం సిగ్గుపడట్లేదు," అంది, తల ఎత్తకుండా.

మడతపెట్టిన తువ్వాలే మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెడుతోంది. నాకు అరవాలని ఉంది. కానీ అది దాని ఇల్లు, దాని కూతురు, అది రోజూ మసలుకోవాల్సిన ఊరు. నేను నాలుగు నెలలుండి విమానం ఎక్కేదాన్ని. నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం మా వాళ్ళెవరైనా చూసి ఉంటే నమ్మేవాళ్ళు కాదు.

బయటికొచ్చేసరికి మనవరాలు పెన్సిల్ పట్టుకుని ఎదురుచూస్తోంది. "తాతయ్య పేరెంట్స్ గురించి అమ్మమ్మకి సరిగ్గా తెలీదంట నాన్నా. అన్‌నోన్ అని రాసెయ్," అంది వాళ్ళమ్మ.

అది రాసేసింది. రెండు గడుల్లోనూ. మా తాత, మా అమ్మమ్మ. నాకు తల దువ్వి జడేసిన మా అమ్మమ్మ, పెళ్ళయ్యాక నాకు అత్తగారై, అయినా జడ తనే వేసిన మనిషి. పెళ్ళినాడు మా అమ్మ ఆడపడుచుగా నా దగ్గర కట్నం చీర అడిగి పుచ్చుకుంటే పందిరంతా నవ్వింది. అమ్మే ఆడపడుచు, అమ్మమ్మే అత్తగారు. పరాయి గుమ్మం తొక్కే భయం లేకుండా ఆ ఇంట్లోనే ఈ గదిలోంచి ఆ గదిలోకి మారాను. అదంతా ఆ అట్ట మీద అన్‌నోన్ అయిపోయింది.

ఆ తర్వాత కథలు సాగలేదు. "మావయ్య" అనబోతే అబద్ధం చెబుతున్నట్టు నాలుక తడబడేది. పోనీ "తాతయ్య" అని చెబుదామంటే, ఆ పేరుతో నాకు ఒక్క సంగతీ గుర్తుకు రాలేదు. ఆయన నాకు ఏనాడు తాతయ్య గనక. "టయర్డ్ ఆ అమ్మమ్మా?" అని అడిగింది మనవరాలు. అవునన్నాను. అది ఫోను తీసుకుని పైకి వెళ్ళిపోయింది. మాట్లాడటానికి ఉన్న ఒక్క మనిషినీ నేనే పంపించేశానని ఏడుపొచ్చింది. కింద కూర్చుని ఫ్రిజ్ చప్పుడు విన్నాను.

స్కూలు రోజున అమ్మాయి ఆఫీసుకి సెలవు పెట్టింది. పట్టుచీర మీద స్వెట్టర్, కాళ్ళకి బూట్లు, ఆ వేషంతో చిన్నపిల్లల కుర్చీలో కుదురుకుని కూర్చున్నాను. నా చుట్టూ తెల్లవాళ్ళ తాతలూ నానమ్మలూ. నా పక్కనావిడ మీ పిల్ల ఎవరని అడిగితే వేలు పెట్టి చూపించాను. ఆవిడ నా చెయ్యి తట్టింది.

మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. నాకోసమే అనుకుంటాను, మాట మాటా విడదీసి నెమ్మదిగా చెప్పింది. ప్లాస్టిక్ డబ్బాకి అట్టతలుపులు అమర్చి లాకు తయారుచేసింది. కాగితప్పడవ దిగుతుంటే పిల్లలు లేచి నిలబడి చూశారు. పెళ్ళివారి పడవ చెప్పింది, మజ్జిగ చెంబు చెప్పింది. నవ్వాల్సినచోట అందరూ నవ్వారు. ఎక్కడో గోదావరి కాలవ మీది మా మావయ్యకి ఆ గదిలో చప్పట్లు కొట్టారు. ఇదిగో చూడు మావయ్యా, అనుకున్నాను.

తర్వాత అది తాతయ్య గడి మీద వేలు పెట్టింది. "ఈయన మా తాతయ్య. నేను పుట్టకముందే చనిపోయాడు. మా అమ్మమ్మ ఈయన గురించి కథలేమీ చెప్పదు. చెప్పుకోవడానికి ఏమీ లేదేమో," అంది. అంది అంతే, మామూలుగా. టీచరు థాంక్యూ చెప్పింది. ఇంకో పిల్లాడు తన అట్ట తీసుకుని వచ్చి నిలబడ్డాడు. నేను అమ్మాయికేసి చూశాను. అది నాకేసి చూడలేదు, ఒళ్ళో బ్యాగు జిప్పు సర్దుకుంటోంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు అమ్మాయి కారు నడుపుతోంది. వెనక సీట్లో నేనూ మనవరాలూ. కొంతదూరం వెళ్ళాక అది నాకు దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మమ్మా, నీకు తాతయ్య ఇష్టం లేదా? హి వాజ్ మీన్ టు యూ?"

అద్దంలో అమ్మాయి కళ్ళు ఒక్కసారి నన్ను చూసి రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి. వద్దనలేదు. చెప్పమనీ అనలేదు. ఇంక నావల్ల కాలేదు.

"ఆయనంటే ఇష్టం లేకపోవడమేమిటే," అన్నాను. "ఇన్నాళ్ళూ నేను చెప్పిందంతా ఆయన గురించే. మావయ్యే తాతయ్య. మా అమ్మకి తమ్ముడు కాబట్టి నాకు మావయ్య. నేను పెద్దయ్యాక నన్ను పెళ్ళి చేసుకున్నాడు. మా దగ్గర అలా చేసుకుంటారు. ఆయనే మీ అమ్మకి నాన్న, నీకు తాతయ్య."

"సేమ్ పర్సన్?"

"ఒక్కడే మనిషి."

అమ్మాయి స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. ఇద్దరం ఎదురుచూస్తున్నాం. ఛీ అంటుందా, మొహం చిట్లిస్తుందా, ఆ లంచ్ దగ్గర పిల్ల చూసినట్టు చూస్తుందా. మనవరాలు పెదవి కొరుక్కుంటూ తన అట్టకేసి చూస్తోంది.

"అంటే," అంది ఆఖరికి, "మావయ్య చచ్చిపోయాడా?"

ఆ ప్రశ్న వస్తుందని మా ఇద్దరిలో ఎవ్వరం అనుకోలేదు. నేను ఏ కథలోనూ ఆయన్ని చంపలేదు. చంపబుద్ధి కాలేదు.

"అవునమ్మా."

"ఎప్పుడు?"

"నువ్వు పుట్టకముందే, తల్లీ. చాలా రోజులైంది."

"కాదు. మొన్న కూడా ఉన్నాడు కదా," అంది. "సమ్మర్‌లో ఇండియా వెళ్తే చూద్దామనుకున్నా. నేను మమ్మీకి కూడా చెప్పలేదు. సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నా మావయ్యని."

అని నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. చిన్నపిల్లలు పంతానికి ఏడ్చే ఏడుపు కాదు. మనిషి పోతే ఏడ్చే ఏడుపు. అమ్మాయి ఏదో షాపు ముందు కారు పక్కకి తీసి ఆపింది. వెనక్కి తిరగలేదు, దాని భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఆయన పోయినరోజు మా ఇంటినిండా జనమే. వచ్చేవాళ్ళని కూర్చోబెట్టడం, కాఫీలు పెట్టించడం, ఎలా జరిగిందో వచ్చినవాళ్ళందరికీ మొదట్నుంచీ చెప్పడం, దాంతోనే సరిపోయింది. ఆ తర్వాత ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోయారు, ఇంక ఆయన కోసం ఏడ్చినదాన్ని నేనొక్కదాన్నే, అదీ తలుపులన్నీ వేసుకుని. ఆ మధ్యాహ్నం ఆ కారులో మనవరాలి వీపు నిమురుతూ, ఊరుకోమ్మా అనబోయాను. నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆయన కోసం ఇంకొకళ్ళు ఏడుస్తుంటే విని ఎన్నేళ్ళయిందో, ఇంకాసేపు వినాలనిపించింది.